పిండీ నీళ్ళూ అంతే

ఇనుప పళ్ళాలు రెండూ దగ్గరికి నొక్కి గడియ బిగించగానే సన్నగా ఆవిరి కూసింది. అప్పాలమ్మ చెవిని పొయ్యి దగ్గర వదిలి, చూపును పక్కగదిలోకి పంపింది. అక్కడ మంచం మీద అత్తగారు పడుకుని ఉంది. పిట్టంత మనిషి. వారం రోజుల్లో ఇంకా చిక్కిపోయి, పరుపు మీద ఎవరో మర్చిపోయిన చీర మడతలా కనిపిస్తోంది.

"కూత ఆగిందమ్మా," అంది పక్కనే నిలబడ్డ పెద్దకూతురు.

ఆగీ ఆగగానే గడియ తియ్యాలి. ఆలస్యమైతే మాడుతుంది, తొందరపడితే పచ్చిగా చిరుగుతుంది. మూసిన పళ్ళాల మధ్య ఏమవుతోందో కంటికి కనపడదు కనక ఈ వంట చెవితో వండాలని తను కాపురానికొచ్చిన కొత్తల్లోనే అత్తగారు చెప్పింది. అప్పాలమ్మ పళ్ళాలు విడదీసి, కాగితమంత పల్చని రేకును కత్తి మొనతో అంచు పట్టి లేపింది. రేకు నిండా చిన్న చిన్న సిలువ గుర్తులు వరసగా అచ్చుపడ్డాయి. కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే అటువైపు వెలుగు తెల్లగా కనిపించేది ఎప్పుడూ. ఇవాళ వెలుగు కనిపించింది కానీ కొంచెం ఎర్రగా కనిపించింది. అంచు దగ్గర పళ్ళేనికి అంటుకుని కాస్త చిరిగింది కూడా.

పూజలో ఫాదర్‌గారు పీఠం మీద రెండు చేతులతో పైకెత్తే తెల్లని గుండ్రని అప్పం ఉంటుందే, అది ఈ వంటింట్లో పుడుతుంది. చుట్టుపక్కల చర్చిలన్నిటికీ ఇక్కడినుంచే వెళుతుంది. గోధుమపిండీ నీళ్ళూ తప్ప అందులో ఇంకేమీ ఉండకూడదు. ఉప్పు కూడా. ఒకప్పుడు వీధిలో అందరూ అత్తగారిని అప్పాలమ్మ అనేవారు. ఆమె చేతులు వణకడం మొదలయ్యాక పళ్ళాలతో పాటు పేరు కూడా కోడలికి వచ్చింది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, తననే అని తెలియడానికి అప్పాలమ్మకి ఒక క్షణం పడుతుంది.

ఆ రేకుల మీద తడిగుడ్డ కప్పి కాసేపు మెత్తబడనిచ్చి, తర్వాత గొట్టంలాంటి అచ్చుతో గుండ్రంగా కోస్తారు. కోయగా మిగిలిన అంచులు పిల్లల హక్కు. పెద్దవాళ్ళు వాటిని ముట్టుకోకూడదని ఇంట్లో ఎప్పటినుంచో ఒక కట్టుబాటు.

"ఇవాళ అంచులు బాగున్నాయమ్మా," అంది పెద్దది నములుతూ.

చిన్నది తన వాటా తీసుకోలేదు. గడప మీద కూర్చుని కాలి బొటనవేలు చూసుకుంటోంది. తనకి వద్దని, నాయనమ్మకి దాచమని అంది. మామూలు రోజైతే అప్పాలమ్మ ఆగి ఆ పిల్ల ముఖంలోకి చూసేది. ఇవాళ తీరిక లేదు.

నిన్న చర్చిలో పండగ. ఉన్న అప్పాలన్నీ అయిపోయాయి. పూజలో ప్రభువు శరీరమైన అప్పం, మందసంలో దాచిన సత్ప్రసాదం కూడా చివరి మనిషి వరకూ పంచేశారు. వారం రోజులుగా అత్తగారి మంచం దగ్గరే ఉండిపోయిన అప్పాలమ్మ పళ్ళాలు వేడి చెయ్యలేదు. నిన్న సాయంత్రం చూడ్డానికొచ్చిన నర్సు, ముసలామె నాడి పట్టుకుని చాలాసేపు కూర్చుని, వెళుతూ గుమ్మం దగ్గర, ఆమెకి ఏది ఇష్టమో అది చెయ్యండి అని మాత్రం చెప్పింది. ముసలామెకి ఇష్టమైనది ఒక్కటే. మరొక్కసారి సత్ప్రసాదం నాలుక మీద పడాలి. అప్పాలు అందగానే సాయంత్రం పూజ చేసి, అటునుంచి అటే ఇంటికి తెస్తానని ఫాదర్‌గారు కబురు పంపారు. సాయంత్రం దాకా ఆ ఊపిరి నిలవాలి. ఈలోగా అప్పాలు చర్చికి చేరాలి. అప్పాలమ్మ పొద్దున లేచినప్పటినుంచీ ఈ రెండు సంగతుల మీదే నడుస్తోంది.

అయినా ఎర్రబడిన రేకు ఆమెని వదల్లేదు.

"ఎందుకు రంగు మారింది? పిండి తేడానా, మంట తేడానా?" అని పెద్దదాన్ని అడిగింది.

"మంట ఎప్పుడూ పెట్టేంతే పెట్టానమ్మా."

"అయితే పిండి సంగతి పిండిమర ఆయన్నే అడుగుదాం. చర్చికి దారిలోనే కదా."

ఈ ఇంట్లో బడి ఇలాగే నడుస్తుంది. పిల్లలిద్దరూ బళ్ళోకి వెళ్ళరు. ఇందులో వీధికి నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, వాళ్ళ నాన్న బడి బస్సు నడుపుతాడు. ఊరి పిల్లలందర్నీ బడి గేటు దాకా దించి, తన పిల్లల్ని మాత్రం వంటింట్లో వదిలేస్తాడని ఎదురింటామె అంటుంది. పెద్దది కొన్నాళ్ళు బడికి వెళ్ళింది. ఇంట్లో గలగలమనే పిల్ల అక్కడ ఒక ప్రశ్న అడిగినందుకు బెంచీ మీద నిలబడింది. ఆ తర్వాత ఇంట్లో కూడా అడగడం మానేసింది. అడగని పిల్లని చూసి అప్పాలమ్మకి భయం వేసింది. తను చదివింది ఎనిమిదో తరగతి. అయినా పిల్లని ఇంటికి తెచ్చేసుకుంది.

మొదటి రోజు పలకా పుస్తకాలూ ముందు పెట్టుకుని తల్లీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఏం చెప్పాలో అప్పాలమ్మకి తెలియలేదు. అప్పుడు అత్తగారే, పిండి తేవాలి పదండర్రా అని లేవదీసింది. గోధుమలు తూచడంలో లెక్కలొచ్చాయి. దుకాణాల బోర్డుల మీద అక్షరాలొచ్చాయి. ఆవిరి ఎందుకు కూస్తుందో అడుగుతూ అడుగుతూ సైన్సు వచ్చింది. చర్చి అద్దాల మీద రంగుల బొమ్మల్లో పునీతుల కథలొచ్చాయి. దారి పొడుగునా త్రికాల జపం ఒకరు మొదలెడితే ఒకరు అందుకునేవారు. అప్పాలమ్మకి తెలియనిది ఎదురైతే గతుక్కుమనేది. తెలీదని చెప్పు, తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళు, అంతేగా అనేది అత్తగారు.

కానీ ఆ భయం ఎప్పుడూ పూర్తిగా పోలేదు. రాత్రిళ్ళు దీపం తీసేశాక, వీళ్ళకి నేనేం నేర్పుతున్నాను, సంచులు మోయడం తప్ప, అని గుండెలో ఒక మూల గుచ్చుకునేది.

ఎదురింటామెని మంచం దగ్గర కూర్చోమని అడిగారు. ఆమె చేతిలో కూరగాయల పళ్ళెంతోనే వచ్చి కూర్చుంది. "వెళ్ళిరండి. మీ బడికి ఇవాళ కూడా సెలవు లేదన్నమాట," అని దెప్పుతూనే ముసలామె తల కింద దిండు సరిచేసింది.

పిండిమర దగ్గర గాలే తెల్లగా ఉంటుంది. మర పట్టా గిరగిరా తిరుగుతుంటే గదంతా వణుకుతోంది. మర ఆయన కనుబొమల మీద కూడా పిండే. వీళ్ళని చూసి మర ఆపి, బడి నడిచొచ్చింది, ఇవాళ ఏ పాఠం అని అడిగాడు. పెద్దది సంగతి చెప్పింది. ఆయన వాళ్ళకిచ్చిన బస్తాలోంచే గుప్పెడు పిండి తీసి, వేళ్ళ మధ్య రుద్ది, పెద్దదాని చేత రుద్దించి, వెలుగులో చూపించాడు. గోధుమల్లోనూ మరలోనూ ఏ తేడా లేదన్నాడు.

"మరి ఎందుకు ఎర్రబడింది?"

"రొట్టెల బట్టీవాడు రొట్టె మీద నిగనిగలాడాలని ఏం రాస్తాడో చూశావా? పంచదార నీళ్ళు. తీపి తగిలితే పిండి తొందరగా ఎర్రబడుతుంది, అంటుకుంటుంది. మీ అమ్మ ఏమైనా తీపి వేసిందేమో అడుగు."

అప్పాలమ్మకి నవ్వొచ్చింది. పళ్ళాలు తుడిచే గుడ్డ మీద కూడా తీపి వాసన తగలనివ్వదు ఆమె. అలా నవ్వుతూనే చిన్నదాని కోసం చూసింది. నాయనమ్మ ఈ పిల్లకి ఎందుకమ్మ అని పేరు పెట్టింది. నిద్రలో తప్ప ఎందుకు అనకుండా ఉండదు. ఆ పిల్ల ఇవాళ పిండిమరలో ఒక్క మాట అడగలేదు. గుమ్మం బయటే నిలబడి ఉంది.

చర్చిలో ఎవరూ లేరు. నిన్నటి పండగ పూలు ఇంకా వాడలేదు. ఊడ్చిన నేల మీద రంగుటద్దాల నీడలు ఎర్రగా, నీలంగా పడి ఉన్నాయి. పీఠం వెనక పూజసామాను గదిలో అప్పాల డబ్బా ఖాళీగా మూత తెరిచి పెట్టి ఉంది. అప్పాలమ్మ చేతులు కడుక్కుని, తెచ్చిన సంచి విప్పి, డబ్బాలోకి జాగ్రత్తగా ఒంపింది. ఎండుటాకుల మీద వాన చినుకులు పడుతున్నట్టు చప్పుడు. ఇన్నేళ్ళుగా వింటున్నా ఆ చప్పుడు వినగానే ఆమె మనసు అణిగి నిలబడుతుంది. ఇంకాసేపట్లో ఇవి ఏమవుతాయో తలచుకుంటే ఆమెకి మాట రాదు.

"అమ్మా," అంది చిన్నది.

"ఊఁ."

"తియ్యగా ఉంటే నాయనమ్మ మింగుతుంది కదా?"

అప్పాలమ్మ చెయ్యి డబ్బా మూత మీద ఆగిపోయింది.

నాలుగు రోజులుగా ముసలామె గొంతులోకి తేనె తప్ప ఏదీ దిగడం లేదు. గంజి పోస్తే పక్కనుంచి కారిపోయేది. వేలితో తేనె నాలుకకి రాస్తే మాత్రం గుటక పడేది. ఆ రాయడం చిన్నదాని పని. తేనె సీసా మంచం పక్కనే ఉంటుంది. పొద్దున పిండి కలిపి, అత్తగారి పక్కబట్టలు మార్చడానికి తను లోపలికి వెళ్ళింది. పిండి గిన్నె దగ్గర ఉన్నది చిన్నదే.

"ఎంత వేశావు?" అని అడిగింది అప్పాలమ్మ మెల్లగా.

చిన్నది చెంచా పట్టుకున్నట్టు చెయ్యి చూపించింది. తర్వాత ఇంకోసారి చూపించింది.

పెద్దది ఊపిరి బిగబట్టి తల్లి వైపు చూస్తోంది. అప్పాలమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది. అంత పిండిలో రెండు చెంచాల తేనె. మూత పెట్టేస్తే ఎవరికీ తెలియదు. తిరిగి ఇంటికి వెళ్ళి, మళ్ళీ పిండి కలిపి, కాల్చి, మెత్తబెట్టి, కోసి తెచ్చేసరికి సాయంత్రం దాటిపోవచ్చు. ఈలోగా అక్కడ మంచం మీద ఊపిరి ఆగిపోతే? జీవితమంతా ఊరందరికీ అప్పం చేసి పంపిన మనిషి, చివరికి తన వంతు అందకుండా వెళ్ళిపోతుంది. అదీ ఇంట్లోవాళ్ళ చేతుల మీదుగా. కిటికీలోంచి పడుతున్న వెలుగులో డబ్బాలోని అప్పాలు ఎంతో అందంగా, కొద్దిగా బంగారం రంగులో కనిపించాయి.

చిన్నది ఆమె ముఖం చూస్తూనే ఉంది. ఏం చేస్తుందో చూసి నేర్చుకోవడానికి నిలబడ్డట్టు నిలబడి ఉంది. ఆ పిల్ల ప్రతి చోటా అలాగే నిలబడుతుంది.

అప్పాలమ్మ లేచి, డబ్బాలోవన్నీ తిరిగి సంచిలోకి ఒంపింది.

ఫాదర్‌గారు వెనక తోటలో మొక్కలకి నీళ్ళు పెడుతున్నారు. సంగతంతా విని, చేతిలో గొట్టం పక్కన పెట్టి, చిన్నదాని ఎత్తుకి వంగి, ఎందుకు వేశావమ్మా అని అడిగారు. నాయనమ్మ కోసం అంది చిన్నది. నీళ్ళు ఊరికే మడిలోకి పోతున్నాయి.

"కొంచెమేగా, పూజ చెల్లుతుందేమో కూడా," అన్నారు చివరికి అప్పాలమ్మతో. "కానీ ఏమో అనుకుంటూ నేను పూజలో ప్రభువు మాటలు పలకలేనమ్మా. మీరు వెళ్ళి చేసి తీసుకురండి. ఎంతసేపైనా చూస్తాను."

ఇంటికి వచ్చేసరికి ఎదురింటామె గుమ్మంలోనే ఎదురొచ్చి, గొంతు తగ్గించి, ఊపిరి మధ్యమధ్యలో ఆగుతోంది అని చెప్పింది. అప్పాలమ్మ అత్తగారి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది కానీ వేళ్ళు తిరిగి నొక్కాయి. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తుండగానే చిన్నది మంచం దగ్గరికి వెళ్ళి, తలకాయ దిండు మీద నాయనమ్మ తలకాయ పక్కనే పెట్టి, మొత్తం చెప్పేసింది.

ముసలామె పెదవులు కదిలాయి. నవ్వుతోందని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

"ఏమే ఎందుకమ్మా. దేవుడికి కూడా వంట నేర్పుతున్నావా?"

"నువ్వు తేనె అయితేనే మింగుతున్నావుగా."

"అవునే. నాకోసమే వేశావు. నాకు తెలుసు." ఊపిరి కోసం ఆగింది. "వెయ్యకూడదని నీకెవరూ చెప్పలేదూ?"

"చెప్పారు. ఎందుకో చెప్పలేదు."

అప్పాలమ్మ తల వంచుకుంది. నిజమే. అన్ని ఎందుకులకీ ఊరంతా తిప్పి జవాబులు వెతికించింది కానీ, ఈ ఒక్కటి మాత్రం తనే ఎప్పుడూ అడగలేదు. పిండీ నీళ్ళూ అంతే అని అత్తగారు చెప్పింది, అంతే అని తను చేసింది.

ముసలామె కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నారు. చాలాసేపటికి, ఒక్కో మాటా ఎక్కడినుంచో మోసుకొచ్చి పెడుతున్నట్టు మాట్లాడింది.

"మా అత్త నాకు చెప్పింది. ప్రభువు చివరి రాత్రి రొట్టె తీసుకున్నాడు కదా. ఆ ఇంట్లో ఏం వండితే అది. రొట్టె ఏ ఇంట్లోనైనా ఉంటుందే. ఏమీ లేనివాళ్ళ ఇంట్లో కూడా గుప్పెడు పిండి ఉంటుంది, కుండలో నీళ్ళుంటాయి. తేనె అందరిళ్ళలో ఉంటుందా? తేనె కావాలన్నాడనుకో, లేనివాళ్ళు ఏం చేస్తారు?"

చిన్నది ఆలోచించింది. "లేనివాళ్ళు చెయ్యలేరు."

"ఆఁ. అందుకని. వెళ్ళి చేసుకోండి. నేనెక్కడికీ పోను."

పక్కగదిలో కూరగాయలు తరుగుతున్న ఎదురింటామె కత్తి ఆగిపోయింది. అప్పాలమ్మ వంటింట్లోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. ఇన్నేళ్ళుగా కలిపిన పిండంతా, కాల్చిన రేకులన్నీ ఒక్కసారి ఆమె కళ్ళ ముందు నిలబడ్డాయి. ఎంత పెద్ద సంగతి చేతుల్లో పట్టుకుని ఇన్నాళ్ళూ తను ఉత్త సంచులు మోస్తున్నాననుకుంది.

ఇంకా ఉంటుందనుకుని పిండి డబ్బా తీస్తే అడుగున గుప్పెడు మాత్రం ఉంది. మరకి మళ్ళీ వెళ్ళే సమయం లేదు. ఒక్క రేకుకి సరిపోతుందేమో. గిన్నె అందుకోబోతే ఆమె చేతులు వణికాయి. నీళ్ళు ఒలికాయి. ఇంకోసారి ప్రయత్నించింది. అత్తగారికి వణికినట్టే వణికాయి.

"నువ్వు కూర్చోమ్మా," అంది పెద్దది.

పెద్దది గిన్నె కడిగింది. పొడిగుడ్డతో తుడిచింది. పిండిని చిన్న గ్లాసుతో కొలిచి, మామూలు కొలతలో ఇది ఎన్నో వంతో వేళ్ళ మీద లెక్క కట్టుకుని, నీళ్ళు కూడా అదే వంతుకి తగ్గించి పోసింది. కలిపి, చెంచాతో ఎత్తి, ధార ఎలా జారుతోందో చూసి, ఇంకొక్క చుక్క వేసింది. చిన్నది పొయ్యి దగ్గర స్టూలు వేసుకుని చెంప పక్కకి వాల్చి కూర్చుంది. పళ్ళాలు వేడెక్కాయో లేదో నీటిచుక్క చిలకరించి చూశారు. చుక్క గుండ్రంగా అయి దొర్లింది. అది ఎందుకు దొర్లుతుందో ఒకప్పుడు ఈ పొయ్యి దగ్గరే అడిగిన ప్రశ్న. పెద్దది పిండి పోసింది, గడియ బిగించింది. ఆవిరి కూసింది. ఎవరూ ఊపిరి తియ్యలేదు.

"ఇప్పుడు," అంది చిన్నది.

రేకు లేచి వచ్చింది. ఎక్కడా చిరగలేదు. పెద్దది రెండు చేతులా పట్టుకుని కిటికీ వైపు ఎత్తింది. వెలుగు తెల్లగా, నీళ్ళంత తెల్లగా, సిలువ గుర్తుల మధ్యనుంచి వచ్చి ఆ పిల్ల ముఖం మీద పడింది. అప్పాలమ్మ చూస్తూ ఉండిపోయింది. ఇదంతా ఎవరు నేర్పారు వీళ్ళకి? ఎప్పుడు నేర్పారు? ఆమెకి ఒక్క రోజు కూడా గుర్తు రాలేదు. రోజులన్నీ కలిసి ఇక్కడికి వచ్చి నిలబడ్డట్టు ఉంది.

రేకు మెత్తబడి, అప్పాలు కోసేసరికి వీధి మలుపులో బస్సు ఆగిన చప్పుడైంది. పిల్లలందర్నీ దించి ఇంటికి వచ్చిన భర్త, గుమ్మంలో చెప్పులు విప్పబోతూ సంగతి విని, మళ్ళీ తొడుక్కున్నాడు. తల్లి గదిలోకి ఒకసారి తొంగిచూశాడు.

"కోసేశారా? అయితే ఎక్కండి."

"బస్సులోనా? మీ యజమాని ఏమంటాడు?" అంది అప్పాలమ్మ.

"రేపు చెప్పుకుంటాలే. ఊరి పిల్లల్ని తిప్పే బండి, మన పిల్లలు ఒక్కసారి ఎక్కితే అరిగిపోతుందా?"

చిన్నది ఆ బస్సు ఎక్కడం అదే మొదటిసారి. అప్పాల డబ్బా రెండు చేతులతో పొట్టకి అదుముకుని, ముందు సీట్లో, కాళ్ళు నేలకి అందకుండా కూర్చుంది. వెనక సీట్లన్నీ ఖాళీ. ఒక కిటికీ దగ్గర ఎవరో మర్చిపోయిన పెన్సిలు దొర్లుతోంది. వీధిలో జనం ఆగి చూశారు. వేళ కాని వేళ బడి బస్సు ఇద్దరు పిల్లలతో చర్చి వైపు వెళుతుంటే వింతగానే ఉంటుంది మరి. అప్పాలమ్మ ఆ ఖాళీ సీట్ల మధ్య నిలబడి కడ్డీ పట్టుకుంది. పొద్దున్నుంచీ మొదటిసారి ఆమెకి ఏడుపు వచ్చింది, నవ్వు కూడా వచ్చింది.

పూజకి పదిమంది కూడా లేరు. ఫాదర్‌గారు అప్పాన్ని పైకెత్తినప్పుడు గంటలాయన చిన్న గంట కొట్టాడు. అప్పాలమ్మ ఎన్నోసార్లు చూసిన దృశ్యమే. కానీ ఇవాళ ఆ తెల్లని చక్రం పిండి డబ్బా అడుగున మిగిలిన గుప్పెడు. నీళ్ళు వంటింటి కుండలోవి. ఏ ఇంట్లోనైనా ఉండేవి. అది అలా ఆ రెండు చేతుల మధ్య నిలిచి ఉంటే, పక్కన మోకరించిన చిన్నది తలెత్తి నోరు తెరిచి చూస్తోంది. ఎందుకు అనలేదు.

ఫాదర్‌గారు వాళ్ళతోపాటే బస్సులో వచ్చారు. సత్ప్రసాదం ఉన్న చిన్న పెట్టెను గుండె మీద పెట్టుకుని కూర్చున్నారు.

ముసలామె మెలకువగానే ఉంది. ఎదురింటామె ఆమె జుట్టు దువ్వి, కొత్త దుప్పటి కప్పి, దీపం వెలిగించి పెట్టింది. చివరి వేళ నూనె రాసి చేసే అవస్థాభ్యంగనం అయింది. నుదుటి మీదా అరచేతుల మీదా నూనె మెరిసింది. ఫాదర్‌గారు సత్ప్రసాదం చేతిలోకి తీసుకున్నారు.

"ఒక్క నిమిషం ఫాదర్," అంది ముసలామె. "నా పళ్ళు."

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆమెకి కట్టుడు పళ్ళున్నాయి. ఇంట్లో ఎప్పుడూ పెట్టుకోదు, నొప్పి పెడతాయి. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు మాత్రమే పెట్టుకునేది.

"పళ్ళెందుకమ్మా ఇప్పుడు," అన్నాడు కొడుకు.

"ఆయన వస్తుంటే బోసినోటితో ఉంటానా?"

అలమరలోంచి పళ్ళు తీసి, కడిగి, పెట్టారు. ముఖం ఒక్కసారి నిండుగా అయింది. ఆదివారం ముఖం. ఫాదర్‌గారు అంతసేపూ చెయ్యి దించకుండా ఎదురుచూశారు. తర్వాత చిన్న ముక్క విరిచి నాలుక మీద పెట్టారు. ఒక చెంచాడు నీళ్ళు. గదిలో అందరూ ఆమె గొంతు వైపే చూస్తున్నారు. కాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత గుటక పడింది.

ముసలామె కళ్ళు తెరవలేదు. పెదవులు మాత్రం ఏదో జపం చెప్పుకున్నాయి.

ఫాదర్‌గారు వెళ్ళిన కొంతసేపటికి ఆమె తనే పళ్ళు తీసి, తడుముకుంటూ చిన్నదాని అరచేతిలో పెట్టింది. కడిగి పెట్టమని కళ్ళతోనే చెప్పింది. తర్వాత కొడుకు చెయ్యి వెతుక్కుంది.

చిన్నది వంటింట్లోకి వెళ్ళింది. ఎంతకీ కొళాయి చప్పుడు వినపడలేదు. అప్పాలమ్మ వెళ్ళి చూస్తే, పిల్ల ఒక గిన్నెలో నీళ్ళు పోసి, పళ్ళు అందులో కడిగి, ఆ గిన్నె పట్టుకుని తొట్టి ముందు కదలకుండా నిలబడి ఉంది.

"ఈ నీళ్ళు ఎక్కడ పొయ్యాలమ్మా?"

తొట్టిలో పొయ్యి అనబోయి అప్పాలమ్మ ఆగింది. పళ్ళ సందున ఒక రేణువైనా మిగిలి ఉండొచ్చు. చర్చిలో సత్ప్రసాదం గిన్నెలు కడిగిన నీళ్ళు కాలువలోకి వదలరు, మట్టిలోనే పోస్తారు. ఆ సంగతి ఆమె ఈ పిల్లకి ఎప్పుడూ చెప్పలేదు. ఎక్కడ చూసిందో, ఎవరిని అడిగిందో.

ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. ఎండ గోడ అంచున సన్నగా మిగిలి ఉంది. గులాబీ మొదట్లో మట్టిని చిన్నది చేత్తో గుంటలా చేసింది. అప్పాలమ్మ మోకరించి నీళ్ళు మెల్లగా వంచింది. మట్టి వాటిని ఎక్కడా నిలవనివ్వకుండా తాగేసింది. ఇద్దరూ సిలువ గుర్తు వేసుకున్నారు. చిన్నది మట్టి మళ్ళీ కప్పి, అరచేత్తో నిమిరింది.

లోపలికి వచ్చేసరికి భర్త తన తల్లి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. తలెత్తలేదు. పెద్దది మంచం చివర మోకాళ్ళ మీద ఉంది. ఎదురింటామె దీపం వత్తి సరిచేస్తోంది. అప్పాలమ్మకి ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. చిన్నది ఒక్కసారి నాయనమ్మ ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఎదురుచూపు లేదు, ఊపిరీ లేదు. పిల్ల వెనక్కి వెళ్ళి, కడిగిన పళ్ళు మెత్తని గుడ్డతో తుడిచి, ఒక తెల్ల సాసరులో పెట్టి, కిటికీ గట్టు మీద ఆరబెట్టింది.

తలుపు సందులోంచి గాలి వస్తోంది. సాసరులో పళ్ళ వరస, ఒక్క నీటిచుక్క అంచున ఇంకా ఆరకుండా, వెలుగు వైపు తిరిగి ఉంది.